హెచ్1ఎన్1లో ‘హెచ్’ సంగతి

స్వైన్ ఫ్లూ వచ్చిన 2009లో హెచ్1ఎన్1 పేరు అందరి నోళ్లలో నానింది. అందులో ‘హెచ్’ అంటే హెమగ్లుటినిన్ అనే వైరస్ ప్రొటీన్. గ్రీకులో ‘హైమా’ నెత్తురు. లాటిన్‌లో ‘గ్లూటెన్’ జిగురు. ఫ్లూ వైరస్ తగిలితే కోడి ఎర్ర రక్తకణాలు ఒకదానికొకటి అతుక్కుని ముద్దకట్టడాన్ని 1941లో అమెరికా శాస్త్రవేత్త జార్జ్ హర్స్ట్ గమనించాడు. పేరుకు మూలం అదే. మనిషిలో మాత్రం ఈ ప్రొటీన్ పని నెత్తుటిలో కాదు, శ్వాసనాళంలో. కణాల మీది సియాలిక్ ఆమ్లాన్ని పట్టుకుని వైరస్‌ను లోపలికి చేరుస్తుంది. ‘ఎన్’ అంటే న్యూరమినిడేజ్. పుట్టిన కొత్త వైరస్‌లు బయటపడేలా అదే ఆమ్లాన్ని తెంచుతుంది. హెచ్ రూపం కొద్దికొద్దిగా మారిపోతూ ఉంటుంది కనుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్లూ టీకా కూర్పును ఏటా రెండుసార్లు సమీక్షిస్తుంది.