లాటిను నుంచి హారతి దాకా: ఆదోని, ఎమ్మిగనూరు సీమలో కతోలిక ఆరాధన

ఆదోని పత్తి మార్కెట్టు వైపో, ఎమ్మిగనూరు మగ్గాల వీధుల వైపో ఆదివారం పొద్దున తెల్లచీర కట్టుకుని బయలుదేరిన కతోలిక అవ్వను ‘ఎక్కడికవ్వా’ అని పలకరిస్తే ‘పూజకు’ అంటుంది. దివ్యపూజాబలి అన్న నిండు పేరు గుడిలో గురువు నోట వినబడుతుంది గాని వీధిలో ఆ ఒక్క మాటే చెల్లుతుంది. ఆ మాట ఆమె నోట అంత చనువుగా పలకడానికి మూడు వందల ఏళ్లు పట్టింది.

ఆ కథకు మొదలు పుంగనూరు. 18వ శతాబ్ది తొలి ఏళ్లలో ఫ్రెంచి యేసుసభ (జెస్యూట్) గురువులు కర్ణాటక మిషన్ పేరుతో అక్కడ కాలుమోపి, కాషాయం కట్టి, మాంసం మాని, సన్యాసుల మాదిరి బతుకుతూ అనంతపురం వైపు కృష్ణాపురం దాకా వచ్చారు. రాబర్ట్ డి నోబిలి అంతకు వందేళ్ల ముందు తమిళనాట వేసిన బాట అది. దేవుణ్ణి సర్వేశ్వరుడన్నారు, నీళ్లు పోసి పేరు పెట్టే సంస్కారాన్ని జ్ఞానస్నానమన్నారు. వారిలో కూర్దూ తెలుగుకు నిఘంటువు కూర్చి, 1767లో సంస్కృతానికి లాటిను, గ్రీకు భాషలతో ఉన్న చుట్టరికాన్ని పారిస్ పండితులకు రాసి పంపాడు. కాల్మెట్ తెలుగు లిపిలో రాసిన వేద ప్రతులు సంపాదించి ఫ్రాన్సు రాజుగారి గ్రంథాలయానికి చేర్చాడు. ఆ శతాబ్దిలోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను ‘వేదాంత రసాయనము’ అనే ప్రబంధంగా తెలుగు పద్యంలో నిలిపాడు. ఆదోని కోటలో నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ కొలువున లాలీ నడిపిన ఫ్రెంచి పటాలం కూడా ఆ శతాబ్దిదే. అయితే ఈ నేలలో వేరు పట్టింది పటాలం కాదు, కాషాయం కట్టినవారి మాట. వారి పద్ధతిలో ఒక లోపమూ ఉంది. కులాన్ని లోకాచారమని సరిపెట్టుకోవడంతో, ఆ తర్వాత చాలాకాలం దక్షిణాది గుళ్లలో కులాన్ని బట్టి కూర్చునే చోటు మారుతూ వచ్చింది. ఆ బాకీ ఇంకా తీరలేదు.

1773లో పోపు 14వ క్లెమెంటు యేసుసభనే రద్దు చేయడంతో ఆ నడక తడబడింది. పారిస్ విదేశీ మిషన్ గురువులు అందుకున్నా, ఇంత పెద్ద నేలకు పట్టుమని పదిమంది గురువులు లేని కాలం అది. 1800లో దత్తమండలం కుంపిణీ చేతికి పోయింది. ఆదోని బళ్లారి జిల్లాలో చేరింది. బళ్లారి దండులోని ఐరిష్ సిపాయిల కోసం వచ్చిన గురువుల చూపు మెల్లగా చుట్టుపక్కల ఊళ్ల మీద పడింది. 1871లో మద్రాసు రైలు ఆదోని మీదుగా రాయచూరు చేరి బొంబాయి దారిని కలిసింది. ఆ వెంటే 1876-78 ధాత కరువు. గంజి కేంద్రాలూ గోరీలూ ఒకటిగా పెరిగిన ఆ రోజుల తర్వాత, ఈ సీమ దళితవాడలు రకరకాల సంఘాల గుళ్ల వైపు నడిచాయి. గురువు ఏడాదికి ఏ రెండుసార్లో వచ్చే పల్లెలో మతాన్ని కాపాడినవాడు ఉపదేశి. చెట్టు కింద పిల్లలను కూర్చోబెట్టి జ్ఞానోపదేశాన్ని ప్రశ్న, జవాబుగా వల్లె వేయించి, చావు వస్తే ప్రార్థన చెప్పి, పురుడు వస్తే నీళ్లు పోసినవాడు అతడే. చరిత్ర పుస్తకాల్లో అతని పేరు తక్కువ. నా లెక్కలో అతనే ఈ కథకు నాయకుడు.

ఆనాటి పూజ లాటినులో. గురువు పీఠం వైపు తిరిగి మంద్రస్వరంలో చదువుతుంటే వెనుక జనం జపమాల తిప్పేవారు. చెవికి అందనిది కంటికి అందేది. తపస్సుకాలం ఊదా వస్త్రం, పాస్కాకు (ఈస్టరుకు) తెలుపు, వేదసాక్షుల పండుగకు ఎరుపు, మామూలు రోజులకు ఆకుపచ్చ. అప్పం పైకెత్తినప్పుడు గంట మోగితే తలలు వంగేవి. ఆ అప్పాన్ని దాచే మందసం దగ్గర ఎర్ర దీపం వెలుగుతుంటే స్వామి లోపల ఉన్నట్టే. అక్షరం రాని తల్లి ఇన్ని గుర్తులతో ఏడాది పంచాంగాన్ని మనసులో పెట్టుకునేది.

1949లో బళ్లారి మేత్రాసనం, అంటే బిషప్పు పరిధి, ఏర్పడింది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు తాలూకాలు ఆంధ్రలో కలిసి కర్నూలు జిల్లావయ్యాయి. 1967 జూన్ 12న కర్నూలు మేత్రాసనం వెలసింది. ఈ ఎల్లల మార్పు కంటే పెద్దది రోములో జరిగింది. 1963 డిసెంబరు 4న రెండో వాటికన్ మహాసభ ఆరాధన మీద శాసనం వెలువరించి, జనం భాషకు తలుపు తీసింది. గురువు జనం వైపు తిరిగాడు. లాటిను పోయి తెలుగు వచ్చింది. 1969లో భారత మేత్రాణులు (బిషప్పులు) అడిగిన పన్నెండు మార్పులకు రోము ఒప్పుకుంది: చెప్పులు విడిచి నేల మీద కూర్చోవడం, మోకాలు వంచడానికి బదులు చేతులు జోడించి వంగడం, పవిత్ర వస్తువును ముద్దు పెట్టుకునే చోట వేళ్లతో తాకి కళ్లకద్దుకోవడం, కొవ్వొత్తికి బదులు నూనె దీపం, పూలతో ధూపంతో దీపంతో హారతి. బెంగళూరులో గురువు అమలోర్పవదాస్ నడిపిన జాతీయ ఆరాధన కేంద్రం ఇందుకు వెన్నెముక. ఇది హిందువుల పద్ధతి కదా అని గొణిగినవారూ లేకపోలేదు. అయితే దుకాణం గడప నుంచి గుడి గడప దాకా దేన్నయినా కళ్లకద్దుకునే ఈ నేల మనిషికి ఆ సైగ కొత్తగా నేర్పవలసింది కాదు. గుడిలో చేయడానికి అనుమతి దొరికిందంతే.

ఆ తర్వాతి తరం చదువుకున్నది. పూదోట జోజయ్య గురువు బైబులు భాష్యాలు వాడుక తెలుగులో ఇళ్లకు చేరాయి. సికిందరాబాదు అమృతవాణి క్యాసెట్లు డప్పు, తబలా దరువుతో భక్తిగీతాలను పల్లెకు మోశాయి. 2008లో కర్నూలు మేత్రాణులైన పూల అంతోని, 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. ఆ పదవి అందుకున్న తొలి తెలుగువాడు, తొలి దళితుడు. కులం చొప్పున చోటు మారిన గుళ్ల చరిత్ర తెలిసినవారికి ఆ రోజు బరువు తెలుస్తుంది.

ఎమ్మిగనూరు వైపు ఒక పల్లె గుడిలో మట్టల ఆదివారం చూశాను. తెల్లవారకముందే వంక గట్టున కోసుకొచ్చిన ఈత మట్టలు పట్టుకుని వీధంతా ఊరేగింది. పూజ ముగిశాక ఒక అవ్వ తన మట్టను శిలువ ఆకారంలో మడిచి, గుమ్మం పైన మేకుకు గుచ్చింది. పక్కనే నిరుటి మట్ట ఎండి గోధుమరంగు తేలి ఉంది. దాన్ని తీయలేదు. ‘వచ్చే విభూది బుధవారానికి ఫాదరు అడుగుతాడు, కాల్చి బూడిద చేసి మా నొసటనే పెడతాడు’ అంది. మనవడు నిలబడి రెండు మట్టలనూ మార్చి మార్చి చూశాడు, తర్వాత కుర్చీ ఎక్కి కొత్తదాన్ని ముట్టుకుని వేళ్లు కళ్లకద్దుకున్నాడు.