ఇల్లు ఊడ్చే రోబో: కొనేముందు ఇంటిని చూడవలెను

మనిషి చేయి పట్టి నడపనవసరం లేకుండా, గదులలో తనంతట తానే తిరుగుతూ నేలమీది దుమ్మును పీల్చుకొనే యంత్రమే రోబో వాక్యూమ్ క్లీనర్. ఎక్కువ రకాలు గుండ్రని పళ్ళెం ఆకారంలో, సుమారు 35 సెంటీమీటర్ల వెడల్పుతో, మంచం కిందికి దూరగలిగేంత ఎత్తులో ఉంటాయి. నగరంలో ఉద్యోగం చేసే పిల్లలు ఊరిలోని తల్లిదండ్రులకు దీనిని పంపదలచినప్పుడు ముందుగా చూడవలసినది ధర కాదు. ఆ ఇంటి నేల, గడప, కరెంటు.

పుట్టుక

స్వీడన్‌కు చెందిన ఎలక్ట్రోలక్స్ సంస్థ 2001లో 'ట్రైలోబైట్' అనే యంత్రాన్ని విక్రయానికి తెచ్చింది. 2002 సెప్టెంబరులో అమెరికాలోని ఐరోబోట్ సంస్థ 'రూంబా'ను విడుదల చేసింది. రాడ్నీ బ్రూక్స్, కాలిన్ ఏంగిల్, హెలెన్ గ్రైనర్ అనే ముగ్గురు 1990లో స్థాపించిన సంస్థ ఇది. రూంబా ధర సుమారు 200 డాలర్లే కావడం వలన అక్కడి సామాన్య గృహాలకు చేరగలిగింది. తొలి రూంబాలకు ఇంటి పటం తెలియదు. గోడకు తగిలినప్పుడల్లా దిశ మార్చుకొంటూ తిరిగేవి. తరువాత వచ్చిన యంత్రాలలో లేజర్ కిరణాలతోనో కెమెరాతోనో గదుల పటం గీసుకొని, వరుసగా ఊడ్చే పద్ధతి ఏర్పడింది.

పనిచేసే తీరు

పక్కనున్న చిన్న బ్రష్ మూలలలోని చెత్తను లోనికి తోస్తుంది. అడుగున తిరిగే పెద్ద బ్రష్ దానిని లేపగా, మోటారు గాలితో పీల్చి చిన్న డబ్బాలో చేరుస్తుంది. బ్యాటరీ తగ్గినప్పుడు యంత్రం తానే ఛార్జింగ్ స్టాండుకు తిరిగి వెళ్తుంది. మెట్టు అంచున పడిపోకుండా అడుగుభాగంలో సెన్సర్లు ఉంటాయి. ఇవి పరారుణ కిరణాలను నేలపైకి పంపి, తిరిగివచ్చే వెలుగును బట్టి కింద నేల ఉన్నదో లేదో గ్రహిస్తాయి.

మన ఇళ్ళలో చిక్కులు

నల్లని నేల ఈ కిరణాలను పీల్చుకొంటుంది. అందువలన నల్లని కడప బండలు పరచిన గదిని కొన్ని యంత్రాలు గోతిగా భావించి అక్కడే ఆగిపోతాయి. చాలా యంత్రాలు రెండు సెంటీమీటర్లకు మించిన గడపను దాటలేవు. పాత ఇళ్ళలో గడపలు అంతకంటె ఎత్తు గనుక గదికొకసారి యంత్రాన్ని ఎత్తి పెట్టవలసి వస్తుంది. నడుము నొప్పితో వంగలేని తల్లికి ఆ ఎత్తిపెట్టడమే భారం.

పూజగదిలో పిండితో వేసిన ముగ్గును కూడా అది చెత్తగానే పీల్చివేస్తుంది. కేవలం పొడిచెత్త కోసం చేసిన రకాలను తడి నేలపై నడపరాదు. పొడవాటి వెంట్రుకలు, చాప అంచుల దారాలు, ఛార్జర్ తీగలు బ్రష్‌కు చుట్టుకొంటాయి. వారానికొకసారైనా కత్తెరతో తీయవలెను. కోళ్ళు, పిల్లులు లోనికి వచ్చే ఇంటిలో వాటి రెట్టను ఇల్లంతా పూసివేసే ప్రమాదం ఉన్నది.

కరెంటు పోయినప్పుడు బ్యాటరీతో పని సాగినా, స్టాండు సంకేతం ఆగిపోవడం వలన యంత్రం దారి తెలియక మధ్యలోనే నిలిచిపోవచ్చు. చూపు మందగించిన పెద్దలు దానిని తట్టుకొని పడకుండా, వారు కూర్చుని ఉన్న వేళలోనే నడపడం మంచిది.

పటం, ఫోను, కెమెరా

అనేక యంత్రాలు ఇంటర్నెట్ ద్వారా తయారీదారుల కంప్యూటర్లతో ముడిపడి ఉంటాయి. నీటో అనే సంస్థ 2023లో మూతపడింది. 2025లో దాని ఇంటర్నెట్ సేవ కూడా ఆగిపోవడంతో, కొన్నవారికి చేతితో బటన్ నొక్కి నడపడమే మిగిలింది. ఐరోబోట్ పరీక్షల కొరకు కొందరి ఇళ్ళలో ఉంచిన యంత్రాలు తీసిన చిత్రాలు బయటికి పొక్కినట్లు 2022 డిసెంబరులో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ పత్రిక వెల్లడించింది. అవి బజారులో అమ్మిన యంత్రాలు కావు. అయినను, కెమెరా గల యంత్రం పడకగదిలో తిరగవలెనా అన్నది ఇంటివారు నిర్ణయించుకొనవలసిన విషయం.

కొనేముందు

గడప ఎత్తును స్కేలుతో కొలవవలెను. నేల రంగు చూడవలెను. ఫోను లేకున్నా బటన్‌తో నడిచే రకమా, సూచనల పుస్తకం ఇంటివారు చదవగల భాషలో ఉన్నదా, బ్యాటరీ, బ్రష్‌లు దగ్గరి పట్టణంలో దొరుకునా అని విచారించవలెను. గదులు సమతలంగా ఉండి, సామాను తక్కువగా గల ఇంటిలో ఈ యంత్రం పెద్దలకు రోజూ వంగే శ్రమను తప్పిస్తుంది. అయితే వాకిలి ఊడ్చి కల్లాపి చల్లడం, మెట్లు తుడవడం, డబ్బా ఖాళీ చేయడం మనుషుల పనులే. కనుక యంత్రం వచ్చిందని పనిమనిషిని వెంటనే మాన్పించరాదు. నెల రోజులు నడిపి చూచిన పిమ్మటనే నిర్ణయించుట యుక్తం.