పశుశాబకనామములు: ద్రావిడభాషలలో వాని పుట్టుక

పెంపుడు పశువుల పిల్లలకు ద్రావిడభాషలలోఁ గల పేళ్లలో పెక్కు, ఏదో యొక జంతువునకై ప్రత్యేకముగాఁ బుట్టినవి గాక, లేఁతదనమును దెలుపు ధాతువులనుండి వెలువడి, మనుష్యశిశువునకును మొక్కకును సమానముగాఁ జెల్లి, కాలక్రమమున నొక్కొక్క భాషలో నొక్కొక్క పశువునకుఁ బరిమితమైనట్లు కానవచ్చును. ప్రాచీన తమిళ వ్యాకరణమగు తొల్కాప్పియములోని మరపియలు ప్రకరణమున పార్ప్పు, పఱళ్, కుట్టి, కురుళై, కన్ఱు, పిళ్ళై, మగవు, మఱి, కుళవి యను తొమ్మిది పేళ్లును, అవి చెల్లు జంతువులును జెప్పఁబడినవి. గ్రంథకాలము వివాదగ్రస్తము, మరపియలులోఁ గొంత తరువాత చేరినదని కొందఱందురు. అంతమాత్రమున నీ పట్టిక విలువ తగ్గదు.

వీనిలో 'కన్ఱు' చరిత్ర మిక్కిలి స్పష్టము. తమిళమున నది దూడకే గాక నాటు మొక్కకును జెల్లును, కొబ్బరిమొక్క 'తెన్నంగన్ఱు'. తుళువున దూడ 'కంజి'. తమిళపు 'పన్ఱి' తెలుఁగున 'పంది' యైనట్లే 'కన్ఱు' 'కందు' కావలెను. అయినది కూడ, గాని పశువును విడిచి 'పసికందు'లో మనుష్యశిశువునకు మిగిలినది. మన వాడుకలోని 'దూడ' యీ కుదుటికిఁ జెందదు.

'కుళవి' విషయమున మార్గము వేఱు. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961, ద్వితీయ ముద్రణము 1984) దీనిని తెలుఁగు 'కోడె', 'కొడుకు', 'కోడలు' శబ్దములతో నొక్కచోటఁ జేర్చినది. తమిళ ళకారభేదమునకుఁ దెలుఁగున డకారము వచ్చుట 'ఏళు–ఏడు' మొదలగువానిచే సిద్ధమగుటచేత నీ కూర్పు నమ్మఁదగినదే. కొట్టములోని కోడెయు నింటిలోని కొడుకును ఒకే ధాతువు బిడ్డలన్నమాట.

కావ్యములలోని 'క్రేపు'ను కన్నడ 'కఱు'తో ముడిపెట్టుట మొదటఁ దోఁచును గాని, మలయాళ 'కడచ్చి', కన్నడ 'కడసు' మొదలగు పడ్డవాచకములతోఁ జేర్చుటయే మేలు. పదాది క్రకారము, అచ్చు స్థానము మాఱుటచేఁ గలిగినదిగాఁ గనఁబడును. 'లేఁగ' 'లేఁత'కుఁ దోబుట్టువు. రెండును తమిళ 'ఇళ' కుదుటివే.

సంస్కృత 'వత్స' శబ్దపు దారి భిన్నము: అది సంవత్సరవాచకముతో సంబద్ధమై, ఏఁడాది ప్రాయపుది యను నర్థముగలది, లాటిను 'వితులుస్' దాని జ్ఞాతియే. ద్రావిడమున వయోగణనమునుండి పుట్టిన పేళ్లు ప్రధానములు గావు.

'మఱి' మరపియలులో గొఱ్ఱె, గుఱ్ఱము, లేడి మొదలగువాని పిల్లలకుఁ జెల్లినది. కన్నడమున 'మరి' నేఁటికిని నిత్యవ్యవహారపదమే. తెలుఁగున దాని సోదరమైన 'మఱక' మేఁకపిల్లయను నర్థమున నిఘంటువులలో నిలిచియున్నది. జనుల నోట 'పిల్ల' యే దాని తావు నాక్రమించినది.