పాత అచ్చుకు కొత్త పని: న్యూయార్క్ పుష్ పిన్ స్టూడియో

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాతి పదిహేనేళ్లలో అమెరికా వాణిజ్య చిత్రకళ, అంటే పత్రికలకూ పుస్తకాలకూ ప్రకటనలకూ కావలసిన బొమ్మలనూ అక్షరాలనూ సమకూర్చే వృత్తి, రెండు బలమైన ధోరణుల మధ్య నలిగింది. మొదటిది నార్మన్ రాక్‌వెల్ వంటి చిత్రకారులు వారపత్రికల అట్టల మీద స్థిరపరచిన కథాచిత్ర ధోరణి. చిన్న ఊళ్ల జీవితాన్ని ఫొటోకు దగ్గరగా, కాస్త తీపి కలిపి చూపే ఈ పద్ధతికి పాఠకుల ఆదరణ ఎంత ఉన్నా, రంగుల ఫొటోలూ టెలివిజనూ వ్యాపించేసరికి దాని గిరాకీ తగ్గుముఖం పట్టింది. రెండవది స్విట్జర్లాండ్‌లో రూపుదిద్దుకున్న ఆధునిక ధోరణి. పేజీని కంటికి కనబడని నిలువు, అడ్డ గీతలతో గళ్లుగా విభజించి, బొమ్మనూ వాక్యాన్నీ ఆ గళ్లలోనే ఇమిడ్చి, చివర్లలో కొక్కేలు లేని నున్నని రోమన్ అక్షరాలనే వాడాలన్నది దాని నియమం. 1957లో వేరొక పేరుతో వెలువడి, తరువాత హెల్వెటికాగా పేరు మారిన అక్షరరూపం ఈ ధోరణికి గుర్తుగా నిలిచిపోయింది.

ఈ రెండింటిలో దేనికీ తలవంచకుండా, అంతకుముందు తరాలు చదివి పారేసిన చౌక అచ్చు సరుకునే తన పెట్టుబడిగా చేసుకున్నది న్యూయార్క్‌లో 1954లో మొదలైన పుష్ పిన్ స్టూడియో. గోడకు కాగితాన్ని గుచ్చే చిన్న పిన్నుకు అమెరికాలో వాడే పేరునే అది పెట్టుకుంది. కొద్దిమంది చిత్రకారులతో నడిచిన ఈ సంస్థ పంచాంగాలు, కామిక్ పుస్తకాలు, కొయ్య అచ్చుల పోస్టర్లు, దుకాణాల బోర్డుల నుంచి రూపాలను అరువు తెచ్చుకుని రెండు దశాబ్దాల పాటు అమెరికా దృశ్య సంస్కృతిని ప్రభావితం చేసింది. పాత రూపాలను అరువు తెచ్చుకోవడం అప్పటికే ఉన్నదే అయినా, అరువు తెచ్చిన ప్రతి రూపానికీ దాని పుట్టుకలో లేని కొత్త పని అప్పగించడం పుష్ పిన్ ప్రత్యేకత. ఆ స్టూడియో చరిత్రను ఈ కోణం నుంచి చదివితేనే దాని బలమూ, దాని లోపమూ ఒకే చోట కనిపిస్తాయి.

స్టూడియో మూలాలు కూపర్ యూనియన్ అనే విద్యాసంస్థలో ఉన్నాయి. పారిశ్రామికవేత్త పీటర్ కూపర్ 1859లో స్థాపించిన ఈ సంస్థలో ఫీజు లేకుండా చదువుకునే వీలు ఉన్నందున, వలస వచ్చిన శ్రామిక కుటుంబాల పిల్లలకు కళాశిక్షణ అందుబాటులోకి వచ్చింది. మిల్టన్ గ్లేజర్, సేమూర్ క్వాస్ట్, ఎడ్వర్డ్ సొరెల్, రేనాల్డ్ రఫిన్స్ అక్కడే పరిచయమై 1951లో చదువు ముగించారు. 1929లో పుట్టిన గ్లేజర్ హంగరీ నుంచి వలస వచ్చిన యూదు కుటుంబానికి చెందినవాడు, అతని తండ్రి న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో బట్టలు కుట్టి, ఉతికి ఇచ్చే దుకాణం నడిపేవాడు. 1931లో పుట్టిన క్వాస్ట్ డిస్నీ బొమ్మలను ఇష్టపడుతూ పెరిగి, బ్రూక్లిన్‌లోని లింకన్ హైస్కూలులో లియన్ ఫ్రెండ్ అనే ఉపాధ్యాయుని వద్ద పోస్టరు రచనలో తొలి పాఠాలు నేర్చుకున్నాడు. వీరి బాల్యంలో కళ అంటే మ్యూజియం ఒక్కటే కాకపోవడం, కామిక్ పుస్తకమూ సినిమా హాలూ వీధి బోర్డూ అందులో భాగమై ఉండడం తరువాతి కథకు పునాది.

చదువు తరువాత గ్లేజర్ ఫుల్‌బ్రైట్ ఉపకారవేతనంతో ఇటలీలోని బొలోన్యా నగరానికి వెళ్లి, చిత్రకారుడు జోర్జో మొరాందీ వద్ద ఎచింగ్ నేర్చుకున్నాడు. రాగి రేకు మీద మైనపు పూత పూసి, సూదితో గీసి, గీత పడిన చోట ఆమ్లం లోహాన్ని కొరికేలా చేసి, ఆ పల్లాల్లో సిరా నింపి కాగితం మీద అచ్చు తీసే పద్ధతిని ఎచింగ్ అంటారు. ఈ పద్ధతిలో నీడ కావలసిన చోట రంగు పూయడానికి వీలు లేక సన్నని గీతలను ఒకదాని మీద ఒకటి అల్లవలసి వస్తుంది. ఆ అల్లిక అలవాటు గ్లేజర్ వేసిన తొలి పుస్తక చిత్రాల్లో స్పష్టంగా కనిపిస్తుంది.

అదే కాలంలో న్యూయార్క్‌లో మిగిలిన మిత్రులు ఉద్యోగాలు చేస్తూనే, పత్రికల్లోనూ ప్రకటన సంస్థల్లోనూ బొమ్మలు కొనే కళాదర్శకుల దృష్టిలో పడడానికి 1953లో పుష్ పిన్ ఆల్మనాక్ అనే చిన్న కరపత్రాన్ని అచ్చువేసి పంచారు. ఆల్మనాక్ అంటే అమెరికా రైతు ఇళ్లలో ఏటా కొని గోడకు వేలాడదీసే పంచాంగం. వాతావరణ సూచనలు, గ్రహగతులు, చిట్కాలు, చమత్కారాలు, కొయ్య చెక్కుడు బొమ్మలు కలగలిసిన ఆ చౌక ప్రచురణ రూపాన్ని యువ చిత్రకారులు తమ విజిటింగ్ కార్డుగా మార్చుకున్నారు. పల్లెటూరి రైతుకు విత్తనాల కాలం చెప్పిన అచ్చు, మహానగరంలో కళాదర్శకుని బల్ల మీదికి చేరి పని అడిగింది. పుష్ పిన్ పద్ధతి మొత్తానికి ఈ ఆల్మనాకే తొలి నమూనా.

1954లో ఎస్క్వైర్ పత్రికలో పనిచేస్తున్న క్వాస్ట్‌నూ సొరెల్‌నూ ఒకే రోజు ఉద్యోగాల నుంచి తొలగించారు. నిరుద్యోగ భృతిని ఆధారం చేసుకుని వారు మన్‌హాటన్‌లోని తూర్పు 17వ వీధిలో, వేడినీటి వసతి లేనందువల్ల చౌకగా దొరికే ఒక ఫ్లాటును అద్దెకు తీసుకుని స్టూడియో తెరిచారు. ఇటలీ నుంచి తిరిగి వచ్చిన గ్లేజర్, ఆ తరువాత రఫిన్స్ వారితో చేరారు. 1956లో సొరెల్ విడిపోయి వ్యంగ్య చిత్రకారునిగా పేరు తెచ్చుకోగా, తరువాతి సంవత్సరాల్లో పాల్ డేవిస్, జాన్ ఆల్కార్న్, ఇసడోర్ సెల్ట్‌జర్, జేమ్స్ మెక్‌ముల్లన్ వంటివారు వచ్చి పోతూ ఉన్నారు. బొమ్మ వేసేవాడు ఒకడు, అక్షరాలు కూర్చేవాడు మరొకడు అన్న నాటి ప్రకటన సంస్థల శ్రమ విభజనను ఈ స్టూడియో పక్కన పెట్టి, బొమ్మనూ అక్షరాన్నీ ఒకే చేతికి అప్పగించింది. పేజీలోని అక్షరం కూడా బొమ్మలాగే మాట్లాడాలన్న ఆలోచనకు ఈ ఏర్పాటే వీలు కల్పించింది.

ఆల్మనాక్‌కు వారసురాలిగా 1957లో పుష్ పిన్ మంత్లీ గ్రాఫిక్ మొదలైంది. పేరులోని నెలవారీ అన్న మాట తరువాత తొలగిపోయి అది పుష్ పిన్ గ్రాఫిక్‌గా మారి, 1980 వరకు 86 సంచికలు వెలువరించింది. ఖాతాదారుడు లేని చోట చిత్రకారుడు ఏమి చేస్తాడో చూపే వేదిక అది. ఒక్కో సంచికకు ఒక్కో విషయాన్నీ ఒక్కో శైలినీ ఎంచుకుని, విక్టోరియా కాలపు కొయ్య అచ్చులు, లతల్లా మెలికలు తిరిగే ఆర్ట్ నూవో, 1920ల నాటి కోణాల అలంకారమైన ఆర్ట్ డెకో, కామిక్ పుస్తకాల గళ్లు అన్నింటినీ అందులో పరీక్షించి చూశారు. ఆధునిక ధోరణి అనుచరులు అలంకారాన్ని దాదాపు నేరంగా భావించిన రోజుల్లో, పుష్ పిన్ సభ్యులు చరిత్రను సరుకుల కొట్టుగా చూసి, అవసరమైన రూపాన్ని అవసరమైనప్పుడు దించుకున్నారు.

ఈ స్వేచ్ఛకు సాంకేతిక కారణం కూడా ఉంది. సీసపు అచ్చు అక్షరాల కాలంలో కొత్త అక్షరరూపం ముద్రణకు రావాలంటే ప్రతి అక్షరానికీ ప్రతి పరిమాణంలోనూ లోహపు అచ్చు పోయవలసి వచ్చేది. ఆ ఖర్చును పెద్ద ఫౌండ్రీలు మాత్రమే భరించగలిగేవి. ఫిల్ము మీది అక్షరం గుండా కాంతిని పంపి ఫొటో కాగితం మీద వాక్యం కూర్చే ఫొటో టైప్‌సెట్టింగ్ వచ్చాక, కుంచెతో గీసిన ఎంత విచిత్రమైన అక్షరమైనా కొద్ది ఖర్చుతో ముద్రణకు సిద్ధమైంది. ఆర్టోన్ అనే ఇండియన్ ఇంకు కోసం క్వాస్ట్ 1964లో గీసిన గుర్తు ఇందుకు మంచి ఉదాహరణ. రోమన్ లిపిలోని 'ఎ' అనే ఒక్క చిన్న అక్షరాన్ని ఆర్ట్ నూవో వంపులతో ఉబ్బించి, అందులో సిరాబొట్టు స్ఫురించేలా అతడు తీర్చాడు. ఆ ఒక్క అక్షరం నుంచే తరువాత వర్ణమాల అంతా పుట్టి ఆర్టోన్ అనే అక్షరరూపమైంది.

పుష్ పిన్ పనుల్లో జనం ఇళ్లలోకి అన్నింటికన్నా ఎక్కువగా చేరినది గ్లేజర్ 1966లో గాయకుడు బాబ్ డిలన్ కోసం వేసిన పోస్టరు. కొలంబియా రికార్డ్స్ 1967లో విడుదల చేసిన డిలన్ పాటల సంకలనపు ఎల్పీ రికార్డు కవరులో మడిచి పెట్టిన ఈ పోస్టరు సుమారు 60 లక్షల ప్రతులు అచ్చయిందని చెబుతారు. తెల్లని నేల మీద పక్కకు తిరిగిన ముఖం కళ్లూ చెవీ లేని నల్లని నీడగా ఉంటుంది. జుట్టు మాత్రం చిక్కటి రంగుల పాయలుగా, ఒక్కో పాయ ఒక్కో నదిలా మెలికలు తిరుగుతూ పైకి లేస్తుంది. నీడ ముఖానికి మూలం, కళాకారుడు మార్సెల్ దుషాంప్ 1957లో రంగు కాగితాన్ని చింపి తయారుచేసిన తన పార్శ్వ ముఖచిత్రం. జుట్టులోని రంగుల అల్లికకు మూలం ఇస్లామీయ చిత్రకళ. పారిస్ కళాలోకపు గడుసుతనాన్నీ ప్రాచ్య దేశాల అలంకారాన్నీ కలిపి, నాటి యువతరం గోడకు అంటించుకునే కాగితంగా మార్చిన తీరులో అరువు తెచ్చిన రెండు రూపాలూ తమ పాత చిరునామాలను పోగొట్టుకున్నాయి.

అదే పోస్టరు అడుగున డిలన్ పేరు రాసిన అక్షరాలకు మరింత సామాన్యమైన మూలం ఉంది. మెక్సికో నగరంలో ఒక దర్జీ దుకాణం బోర్డు మీద 'ఇ' అనే రోమన్ అక్షరం మెట్లు మెట్లుగా గీసి ఉండడం గ్లేజర్ చూశాడు. వర్ణమాలతో బొత్తిగా పరిచయం లేని చెయ్యి మాత్రమే గీయగల అక్షరం అది అని భావించి, మిగిలిన అక్షరాలనూ అదే తర్కంతో తీర్చి, ఆ సమితికి పాలపళ్లు అనే అర్థమిచ్చే బేబీ టీత్ అని పేరు పెట్టాడు. శిక్షణ లేనితనాన్ని లోపంగా ఎంచక, అందులోని నియమాన్ని పట్టుకుని వర్ణమాల మొత్తానికి విస్తరింపజేయడంలో ఈ స్టూడియో దృష్టి సంపూర్ణంగా వ్యక్తమవుతుంది.

రూపానికి కొత్త పని అప్పగించే పద్ధతి రాజకీయ చిత్రాల్లో మరింత పదునెక్కింది. వియత్నాం యుద్ధకాలంలో, 1967లో, క్వాస్ట్ వేసిన పోస్టరులో అమెరికా ప్రభుత్వానికి ప్రతీకగా వాడే తెల్లగడ్డపు అంకుల్ సామ్ నోరు తెరిచి ఉంటాడు, ఆ నోటిలో విమానాలు హనోయి మీద బాంబులు కురిపిస్తూ ఉంటాయి. నోటి దుర్వాసనను పోగొట్టుకోమని చెప్పే శీర్షిక, పళ్లపొడి, నోటి మందుల ప్రకటనల భాషకు అచ్చమైన అనుకరణ. 1917లో సైన్యంలో చేరమని యువకులను పిలిచిన అంకుల్ సామ్ పోస్టరునూ, కొనుగోలుదారుని సిగ్గుపరిచి సరుకు అమ్మే ప్రకటననూ ఎరిగిన ప్రేక్షకునికి ఇందులోని వెక్కిరింత వివరణ లేకుండానే అందుతుంది. 1969లో వచ్చిన గ్రాఫిక్ 54వ సంచిక అమెరికా దక్షిణాది మీద వెలువడింది. అక్కడి పాత జీవితాన్ని కీర్తించే తీపి బొమ్మల నడుమ పౌరహక్కుల పోరాటంలో హత్యకు గురైనవారి ఫొటోలను ఉంచి, తూటా దూసుకుపోయినట్టు పేజీల గుండా రంధ్రం తొలిచారు. సంచిక తిరగేసే పాఠకుని వేలికి ఆ రంధ్రం తగులుతుంది. ఇక్కడ పాత అలంకారం జ్ఞాపకాన్ని ఓదార్చే పని మానుకుని, ఆ జ్ఞాపకం దేనిని కప్పిపెట్టిందో బయటపెట్టే సాక్షిగా నిలబడింది.

1970లో పారిస్‌లో లూవ్ర్ ప్రాసాదంలోని అలంకార కళల మ్యూజియం పుష్ పిన్ శైలి పేరుతో ఒక ప్రదర్శన ఏర్పాటు చేసింది. ఈ గుర్తింపు వచ్చేనాటికే ఆ శైలి అందరి సొత్తు అయిపోయింది. ఉబ్బిన అక్షరాలూ ఆర్ట్ నూవో వంపులూ ఇంద్రధనుస్సు రంగులూ సబ్బుల నుంచి శీతల పానీయాల దాకా అన్ని ప్రకటనల్లోనూ కనబడసాగాయి. ఎక్కడి నుంచి వచ్చిందో, ఎందుకు వాడుతున్నారో తెలియని అనుకరణలో రూపం మిగిలి, దానికి అప్పగించిన పని జారిపోయింది. 1974లో గ్లేజర్ సొంత స్టూడియో ఏర్పాటు చేసుకోగా, క్వాస్ట్ పుష్ పిన్ పేరును కొనసాగించాడు. 1976లో గ్లేజర్ న్యూయార్క్ రాష్ట్ర పర్యాటక ప్రచారం కోసం టాక్సీలో కూర్చుని గీసిన చిహ్నంలో ప్రేమ అన్న మాట స్థానంలో పేకముక్కల మీది ఎర్రని హృదయం గుర్తు వచ్చి కూర్చుంది. స్టూడియో విడిపోయినా పద్ధతి చెక్కుచెదరలేదని చెప్పడానికి ఆ ఒక్క గుర్తు చాలు.

పుష్ పిన్ చరిత్రను అంచనా వేసేటప్పుడు మూలాల ప్రశ్నను దాటవేయడానికి వీలు లేదు. దుషాంప్ నుంచి తీసుకున్నదానిని గ్లేజర్ బహిరంగంగా ఒప్పుకున్నాడు, చరిత్రకారులు నమోదు చేశారు. పంచాంగాలకు కొయ్య బొమ్మలు చెక్కినవారి విషయంలోనూ, కామిక్ పుస్తకాలకు జీతానికి గీసినవారి విషయంలోనూ ఆ మర్యాద అంతగా జరగలేదు. జనసామాన్యపు కళను కళాలోకపు వాకిట్లోకి తెచ్చిన ఘనత ఈ స్టూడియోది, ఆ తెచ్చే క్రమంలో సామాన్యుల పేర్లు రాలిపోవడం దాని లోపం. డిలన్ పోస్టరు నేడు న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో భద్రంగా ఉంది. అందులోని అక్షరాలకు దారి చూపిన మెక్సికో దర్జీ బోర్డు ఏమైందో తెలియదు. బట్టలు కుట్టేవాని కొడుకు ఒక బట్టలు కుట్టేవాని బోర్డు మీది రాతను ప్రపంచమంతటికీ చేర్చినా, గీసిన ఆ చేతికి డిజైన్ చరిత్రలో పేరు దక్కలేదు.