దీవిలో మామిడి కొత్త

మీ మామ్మకి చెప్పకుండా పారిపోయానని ఊళ్లో కొందరంటారు. అది నిజం కాదు తల్లీ, చెప్పే వెళ్లాను. సంతలో షావుకారు దగ్గర తెచ్చిన అప్పు వడ్డీతో పెరిగిపోయింది. మనం పండించిన పసుపు, పిప్పళ్లు ఏటికేడు అతని కాటాలోకే పోయేవి. ‘ఇక్కడే ఉంటే మన పిల్లలూ అతనికే బాకీ పడతారు, వెళ్లు’ అని మీ మామ్మే అంది. నర్సీపట్నంలో ఒక మేస్త్రీ తగిలాడు. అండమాన్‌లో కలప పని, రెండు పూటలా తిండి, రానూపోనూ ఓడ ఖర్చు తనదే అన్నాడు. విశాఖపట్నం రేవులో ఓడెక్కే రోజు వరకూ నేను సముద్రం చూసి ఎరగను.

నువ్వు కువైట్ వెళ్తున్నావు, ఆసుపత్రిలో నర్సు పని. నేను వెళ్లింది మన దేశంలోదే, అప్పట్లో పోర్ట్ బ్లెయిర్ అనేవారు. కాకపోతే రెండు రోజులు దాటినా నీళ్ల మీదే ఉండాలి. ఉత్తరం రాస్తే జవాబు కోసం ఓడ వచ్చేదాకా కాచుక్కూర్చోవాలి. నువ్వు రోజూ ఫోన్లో మామ్మ మొహం చూడొచ్చు. అయినా బెంగ పెట్టుకోకుండా ఉంటావని నేననుకోను. మొన్నటి నుంచి నువ్వు అన్నం సరిగ్గా తినడం లేదని చూస్తూనే ఉన్నాను. అందుకే ఇవాళ ఈ ముచ్చట ఎత్తుకున్నాను. ఆ మొద్దు కాస్త లోపలికి తొయ్యి, ఆరిపోతోంది.

దీవిలో మొట్టమొదట తెలియకుండా పోయింది చలి. మనకి పుష్యమాసంలో లంబసింగి వైపు తెల్లారేసరికి గడ్డి మీద మంచు పేరుకుని ఉంటుంది. మధ్యాహ్నం దాకా కొండ కనబడదు. అక్కడ పుష్యమాసంలోనూ చొక్కా ఒంటికి అంటుకునేదే. వాన మొదలైతే వైశాఖం నుంచి ఇంచుమించు మార్గశిరం దాకా విడవదు. పొద్దు మనకంటే ముందే పొడుస్తుంది, ముందే కుంకుతుంది. సాయంత్రం అయిదున్నరకల్లా చీకటి. పని దిగి ఒళ్లు కడుక్కునే సరికే రాత్రి, ఆ రాత్రి ఎంతకీ గడవదు. నెగడు వేసుకోవడానికి చలి లేదు, చుట్టూ కూర్చోవడానికి మనుషులు లేరు. కథ చెప్పేవాడు లేడు, వినేవాడూ లేడు. మనం రాత్రిళ్లు ఇలా కూర్చోవడం ఒక పని అని గానీ, అది లేకపోతే మనిషికి తిండి లేనట్టే ఉంటుందని గానీ నాకు అంతకు ముందు తెలియదు.

పని చాథమ్‌లో. చాథమ్ చిన్న దీవి, పోర్ట్ బ్లెయిర్‌తో వంతెన కలుపుతుంది. అక్కడి రంపపు మిల్లు తెల్లవాళ్లు 1883లో పెట్టింది. అడవిలో ఏనుగులతో లాగించిన దుంగలు నీళ్ల మీద తేలుకుంటూ వచ్చేవి. మేం వాటిని ఒడ్డుకు ఎక్కించి, కోసిన పలకలు పేర్చాలి. పడౌక్ అని అక్కడ ఒక కర్ర ఉంది. కోస్తే పొట్టు ఎర్రగా రాలుతుంది. చేతులు, మెడ, కనురెప్పలు అంతా ఎరుపే. స్నానం చేస్తే కాళ్ల దగ్గర నీళ్లు ఎర్రగా పారేవి. నేను కొండవాణ్ణి, చెట్టు తెలిసినవాణ్ణి. దుంగ చివర వలయాలు చూసి వయసు చెప్పగలను. పని నాకు కష్టం కాలేదు. కష్టమల్లా ఆ దుంగ వాసనే. పచ్చి కర్ర వాసన ముక్కుకి తగిలితే మన పోడు, కొట్టేసిన చెట్లు, మా అయ్య గొడ్డలి కనబడేవి. రంపం ఆగేదాకా ఎవరితోనూ మాట్లాడలేకపోయేవాణ్ణి.

మేస్త్రీ చెప్పిన తిండి సగమే పెట్టాడు, ఓడ ఖర్చు జీతంలో కోసుకున్నాడు. అతని ముచ్చట అంతటితో చాలు.

నన్ను నిలబెట్టింది రాంచీవాళ్లు. అక్కడ అందరూ వాళ్లని ఆ పేరుతోనే పిలుస్తారు. ఛోటానాగపూర్ కొండల నుంచి ఉరావులు, ముండాలు, ఖడియాలు 1918 నుంచీ అడవి కొట్టడానికి ఆ దీవులకి వచ్చారు. మనలాంటి కొండవాళ్లే. పోడు తెలుసు, కల్లు తెలుసు, వేట తెలుసు, డోలు మోగితే ఒకరి నడుము ఒకరు పట్టుకుని వరసగా ఆడటం తెలుసు. మొదటిసారి వాళ్ల ఆట చూసినప్పుడు, మన థింసా ఆటని ఎవరో సముద్రం మీదుగా పట్టుకొచ్చారనిపించింది. మిల్లులో నా జతగాడు వాళ్లలోనివాడే. ఒక రాత్రి నాకు జ్వరం వస్తే తన గుడిసెకి తీసుకుపోయాడు. వాళ్ల నాయన ముసలాయన, నా పక్కన కూర్చుని తెల్లవార్లూ నుదుటి మీద గుడ్డ మార్చాడు. అందరికీ అక్కడ హిందుస్తానీయే. నాకు వచ్చింది నాలుగు ముక్కలు. ఆ నాలుగు ముక్కలతోనే ఆయన నన్ను ఊరు అడిగాడు, కొండ అడిగాడు, ఏం పండిస్తారని అడిగాడు.

ఆయన పసివాడిగా తండ్రి భుజం మీద వచ్చాడట. తన ఊరు మళ్లీ చూడలేదు. ఆ ఊరి పేరు చెప్పగలడు గానీ దారి చెప్పలేడు. అందుకే నా ఊరు అడిగేవాడు. రోజూ అడిగేవాడు. నిన్న చెప్పిందే మళ్లీ చెప్పమనేవాడు. వలిసెలు పూస్తే కొండ వాలంతా పసుపు పూసినట్టు ఎలా ఉంటుందో, చోడి అంబలి కుండలో ఎలా పులుస్తుందో, అడ్డాకులు ఎండబెట్టి ఎలా కుడతామో, జీలుగు చెట్టు ఎక్కేవాడు కింద ఉన్నవాడికి ముందు ఎందుకు పోస్తాడో, అన్నీ చెప్పేవాణ్ణి. చెప్తూ చెప్తూ ఉంటే నాకే కొత్తగా తెలిసేది. చింతపల్లిలో పుట్టి పెరిగినంత కాలం ఇవి నాకు ఉన్నాయని నేను లెక్క పెట్టుకోలేదు. పుట్టుకతో వచ్చినవి కదా, ఎవడు లెక్కపెడతాడు? ఊరు చూడని ముసలాయన ఒకడు కళ్లు మూసుకుని వింటుంటే తప్ప అవి ఎంతటివో నాకు కనబడలేదు. అప్పటిదాకా రాత్రి అయితే ‘నాకు ఇది లేదు, అది లేదు’ అనుకునేవాణ్ణి. ఆయనకి చెప్పడం మొదలుపెట్టాక ‘నాకు ఇది ఉంది, అది ఉంది, అక్కడే ఉంది, వెళ్తే ఉంటుంది’ అనుకోవడం వచ్చింది. బెంగ పోయిందని చెప్పను. అది ఉంది. కానీ దాని పక్కనే ఇంకొకటి వచ్చి కూర్చుంది.

జంగ్లీఘాట్‌లో మనవాళ్లూ ఉన్నారు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వెళ్లిన చేపలవాళ్లు. తెలుగు విందామని ఆదివారాలు అటు పోయేవాణ్ణి. వాళ్ల మాట నా మాట కాదు, సముద్రం మాట. అయినా చాలు. ఒకావిడ ప్రతిసారీ ఎండుచేపల పొట్లం చేతిలో పెట్టేది. డబ్బులిస్తే ఒప్పుకునేది కాదు. ‘మా తమ్ముడూ ఎక్కడో ఎవరింట్లోనో తింటున్నాడు గదా’ అనేది.

ఇప్పుడు జైలు సంగతి. పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులార్ జైలు ఉంది, మీ పాఠంలోనూ ఉంటుంది. 1896లో మొదలెట్టి 1906కి కట్టారు. నడుమ బురుజు, దాన్నుంచి సైకిలు చక్రం పుల్లల్లా ఏడు వరసలు, మూడంతస్తులు. ఇప్పుడు మూడు వరసలే మిగిలాయి. 1979 ఫిబ్రవరి 11న ప్రధానమంత్రి మొరార్జీ దేశాయి వచ్చి దాన్ని జాతికి అంకితం చేశారు. ఆ రోజు మిల్లువాళ్లం కూడా వెళ్లి దూరం నుంచి జనాన్ని చూసి వచ్చాం. లోపలికి నేను తర్వాత ఒక్కణ్ణే వెళ్లాను.

ఎందుకు వెళ్లానంటే, మన మనుషులు ఒకప్పుడు అక్కడ ఖైదులో ఉన్నారు గనక. నువ్వు రేపు బస్సులో దిగే నర్సీపట్నం ఘాటు ఉంది చూడు, ఆ రోడ్డు తెల్లవాళ్ల కాలంలో మనవాళ్ల చేత కొట్టించిందే. డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ కూలి సరిగ్గా ఇవ్వకుండా, కొరడాలతో కొట్టించి చేయించాడు. అడవి చట్టాలతో పోడు కాదన్నారు. ఆ మంట మీదే అల్లూరి సీతారామరాజు లేచారు. 1922 ఆగస్టు 22న మొదట మన చింతపల్లి స్టేషనే కొట్టారు, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ఆయన వెంట బట్టిపనుకుల గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు. మల్లుదొర 1923లో పట్టుబడ్డారు. ముందు ఉరి అన్నారు, తర్వాత దాన్ని యావజ్జీవంగా మార్చి అండమాన్ పంపారు. 1924లో రాజుగారు పోయారు, గంటందొర పోయారు. ఆ కబురు ఖైదులో ఉన్న తమ్ముడికి ఎవరు చెప్పి ఉంటారు, ఎలా చెప్పి ఉంటారు? ఆ సంగతి ఇప్పటికీ నా మనసులోంచి పోదు.

సెల్లు పొడవు 15 అడుగుల లోపు, వెడల్పు 9 అడుగుల లోపు. వెనక గోడకి మన తలకి అందనంత ఎత్తున చిన్న కిటికీ. ఒక వరస ముఖం ఇంకో వరస వీపుకి ఎదురుగా ఉంటుంది, ఏ ఖైదీకీ ఇంకో ఖైదీ మొహం కనబడకుండా. ఇక తలుపు. ఇనుప ఊచల తలుపుకి గడియ తలుపు మీద లేదు తల్లీ. పొడుగాటి కమ్మీ పక్కకి పోయి గోడలో తొలిచిన గూట్లో దూరుతుంది, తాళం ఆ గూట్లో. నేను లోపల నిలబడి ఊచల్లోంచి చెయ్యి బయటపెట్టాను. భుజం దాకా దూర్చాను. వేలు కొస కూడా అందలేదు. గడియ కళ్లకి కనబడుతుంది, చేతికి అందదు. అది కట్టినవాడు మనిషిని బాగా ఎరిగినవాడే.

మల్లుదొరని, నెగడు చుట్టూ పెరిగిన కొండమనిషిని, అలాంటి గదిలో ఒంటరిగా పెట్టారు. అక్కడి ఖైదీలకి పగలు పని కొబ్బరి పీచు దంచడం, గానుగ తిప్పడం. ఆయన అన్నీ భరించి, విడుదలై కొండకి తిరిగొచ్చారు. 1952లో మొదటి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి గెలిచి పార్లమెంటుకి వెళ్లారు. పోడు కొట్టినవాడు, జైలు తిన్నవాడు, మన పక్క ఊరివాడు ఢిల్లీలో కూర్చున్నాడు. ఆ సెల్లులో నిలబడి ఇదంతా తలుచుకుంటే నాకు సిగ్గు వెయ్యలేదు, ఏడుపూ రాలేదు. తలుపు తెరిచే ఉంది, నేను నడిచి బయటికి వచ్చాను. నాకు జీతం బాకీ ఉంటుంది, ఓడ ఉంటుంది, కట్టుకున్నది ఉత్తరం రాయిస్తుంది. అప్పటికి అయిదు గంటలు దాటింది, చీకటి పడుతోంది. తిన్నగా ముసలాయన గుడిసెకి పోయి ‘దాదా, ఇవాళ నేను వండుతాను’ అన్నాను.

ఆ చైత్రంలోనే మామిడి కొత్త. మనం కొత్త చెయ్యకుండా కాయ కొరకం. ముందు దేవతలకి, పోయిన పెద్దలకి పెట్టాలి, ఆ తర్వాతే మనం. చిక్కుడు కొత్త అయినా, కొర్ర కొత్త అయినా అంతే. దీవిలో అంతకు ముందు ఏడు ఎవరో కాయ ఇస్తే తినేశాను, కొత్త సంగతి తలపెట్టలేదు. ఈసారి ముసలాయనకి చెప్పాను. ఆయన నవ్వాడు. వాళ్లకీ ఉందట, సర్హుల్ అంటారు. ఊళ్లో అయితే గుగ్గిలం చెట్టు పూసినప్పుడు ఆ పూలతో పూజ చేసి, అది అయ్యాకే కొత్త పళ్లూ పూలూ ముట్టేవారు. దీవిలో ఆ చెట్టు లేదు. దొరికిన పూలతోనే కానిచ్చేవారు.

ఇద్దరం కలిపి చేశాం. ముసలాయన ఆకు పరిచి తన పెద్దల్ని పిలిచాడు, నేను మన గంగాలమ్మని, మా అయ్యని పిలిచాను. మామిడికాయ ముక్కలు పెట్టాను. ఆ తర్వాత నాకు తోచి ఇంకో ముక్క పెట్టి మల్లుదొర పేరు చెప్పాను. ముసలాయన ఎవరని అడిగాడు. చెప్పాను. ఆయన లేచి తన కుండలోంచి ఇంత హండియా, వాళ్ల బియ్యం కల్లు, ఆ ముక్క పక్కన పోశాడు. జంగ్లీఘాట్ అమ్మకి ఒక ముక్క తీసి ఉంచాను, ఆదివారం పట్టుకెళ్లి ఇచ్చాను. అక్కడున్నన్నాళ్లూ ఏటా అలాగే చేశాం.

నాకు డబ్బులు కూడాయి, షావుకారు బాకీ తీరింది, వచ్చేశాను. ముసలాయన రేవుకి రాలేదు. కొడుకుతో పడౌక్ చెక్క గరిటె పంపించాడు. మీ మామ్మ అంబలి కలిపేది దాంతోనే. నువ్వు అరిగిపోయిందని పారెయ్యమన్న గరిటె అదే.

కువైట్‌లో మామిడిపళ్లు ఏడాది పొడుగునా దొరుకుతాయట కదా, చైత్రం దాకా ఆగమని నేను చెప్పను. మామ్మ మూటలో చోడిపిండి, మిరియాలు కడుతోంది. అవి నువ్వొక్కదానివే తినకు. నీ గదిలో ఉండబోయే పిల్లలు కేరళవాళ్లో, ఫిలిప్పీన్స్ వాళ్లో అన్నావు. వాళ్లకి పెట్టు. పెట్టి, వాళ్ల ఊళ్లో మొదటి పండు ముందు ఎవరికి పెడతారో అడుగు. వాళ్లేం చెప్పారో ఫోన్ చేసి నాకు చెప్పు, నాకు వినాలని ఉంది.