మోటుపల్లి అభయము, దంతెవాడ ఆశ్రయము

దంతెవాడకు సముద్రం చాలా దూరం. చుట్టూ కొండలు, దట్టమైన అడవులు. ఇటువంటి చోట ఓడల ప్రసక్తి తేవడం వింతగా తోచవచ్చును. అయినను శంఖిని, డంకిని అనే రెండు చిన్న నదులు కలిసే చోట, దంతేశ్వరీదేవి ఆలయం ముందు నిలిచి చూచినవానికి ఆ సంబంధం అసంభవమనిపించదు. ఆ నీరు ఇంద్రావతిలో కలుస్తుంది. ఇంద్రావతి భద్రకాళి గ్రామం వద్ద గోదావరిని చేరుతుంది. గోదావరి బంగాళాఖాతంలో పడుతుంది. నీరు ఎరిగిన ఈ దారిలో చరిత్ర ఒకప్పుడు ఎదురు నడిచి, తీరం నేలిన వంశం పేరును అడవికి చేర్చినది.

దంతెవాడలో ఒక శాసనం ఉన్నది. బస్తరును పాలించిన దిక్పాలదేవుడు 1703లో దానిని వేయించినాడు. అందులో ఒక పాఠం సంస్కృతం. మరొకటి ఆనాటి దేశభాష. దాని ప్రకారం బస్తరు రాజవంశానికి మూలపురుషుడు అన్నమరాజు. అతడు ఓరుగల్లు కాకతి ప్రతాపరుద్రుని సోదరుడు. ఓరుగల్లు 1323లో ఢిల్లీ సేనలకు లోబడినది. ఆ పతనానికీ ఈ శాసనానికీ నడుమ 380 ఏండ్ల ఎడం ఉన్నది గనుక, సోదర సంబంధాన్ని చరిత్రకారులు సందేహించినారు. ఆ సందేహం న్యాయమైనదే. కాని ఒక రాజు తన వంశగౌరవాన్ని చాటుకొనడానికి ఏనాడో కూలిపోయిన ఓరుగల్లును స్మరించడం గమనింపదగినది. ఇల్లు కోల్పోయినవారికి ఈ అడవి చోటిచ్చినదన్న జ్ఞాపకం ఆ రాతిలో మిగిలి ఉన్నది.

ఈ కాలంలో పూర్వపు రేవులను, నౌకాస్థలాలను చూడగోరేవారికి క్యాంపర్‌వాన్ అనే సాధనం లభించినది. పరుపు, పొయ్యి, నీళ్ల తొట్టి ఒకే మోటారు బండిలో ఇముడుతాయి. వెనుకటి బాటసారి పొద్దు గ్రుంకగానే సత్రమో, చావడియో, గుడి మండపమో వెదకుకొనవలసివచ్చేది; ఏదీ దొరకనినాడు ఎవరి అరుగునో ఆశ్రయించవలసివచ్చేది. ఈ బండిలో సాగేవానికి ఆ అగత్యం తీరినట్లే కనబడుతుంది. కాని బండిలోని ఇల్లు తనదైనను, బండి నిలిచిన నేల మరొకరిది. ఈ సంగతి పగటి ప్రయాణంలో తట్టదు. రాత్రి బస చేసినప్పుడే తెలుస్తుంది.

ఈ సత్యం పూర్వులకు కష్టం మీద తెలిసినది. 1795లో బ్లంట్ అనే ఆంగ్ల సైనికాధికారి చునారు నుండి బయలుదేరి, సర్కారు జిల్లాలకు అడవుల గుండా దారి వెదకినాడు. అతనికి గుడారాలు ఉన్నవి, సిపాయిలు ఉన్నారు. అయినను కొండప్రజల ప్రతిఘటన వలన అతడు చిక్కులు పడి, చివరకు గోదావరి దిగువనున్న యర్నగూడెం చేరుకున్నాడు. తన ఇంటిని తాను మోసుకొనిపోయినంత మాత్రాన పరులనేల తనదైపోదు.

దంతెవాడ నుండి సముద్రానికి పోవడానికి ముఖ్యంగా రెండు దారులు కలవు. తూర్పు దారి ఇనుము పోయే దారి. దంతెవాడకు సమీపంలోని బైలాడిలా కొండల నుండి ఖనిజాన్ని 1960 తరువాతి దశాబ్దంలో త్రవ్వ నారంభించినారు. దానిని జపానుకు పంపడానికి కిరందూలు నుండి కొత్తవలస వరకు తూర్పు కనుమలను తొలిచి రైలుమార్గం వేసినారు. విశాఖపట్టణంలో 1933లో తెరచిన రేవు ఈ బరువుకు చాలక, పెద్ద ఓడల కోసం 1976లో వెలుపలి రేవును నిర్మించినారు. అడవి కొండ ఈ విధంగా ఓడ నెక్కినది.

విశాఖ తీరాన కురుసుర జలాంతర్గామి ఉన్నది. 1969 నుండి 2001 వరకు భారత నౌకాదళంలో పనిచేసి, 2002లో ప్రదర్శనశాలగా ఒడ్డున నిలిచినది. దాని ఇరుకైన నడవలో, గోడకు బిగించిన పడకలను చూచినప్పుడు క్యాంపర్‌వాన్‌లో వచ్చిన యాత్రికునికి తన బండి గుర్తు రాక మానదు. అదీ నిదురించే వాహనమే. కాని అందులో నిదుర నిర్భయమైనది కాదు. 1971 డిసెంబరు 3వ తేదీ రాత్రి దాటి 4వ తేదీ ప్రవేశించే వేళ, పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ ఈ రేవు సమీపంలోనే మునిగి, అందులోని వారందరూ మరణించినారు. కారణం గురించి రెండు దేశాల వాదనలు వేరు. పగలు చూచి పోయేవారికి అది యుద్ధకథ. రాత్రి ఒడ్డున పరుండి కెరటాల హోరు వినేవారికి, శత్రువులైనను, నీటి అడుగున ఊపిరాడక పోయిన మనుష్యులు తలపునకు వస్తారు.

అక్కడి నుండి తీరం వెంట దక్షిణంగా పోతే, చీరాల దాటిన తరువాత మోటుపల్లి వస్తుంది. కాకతీయుల కాలంలో అది గొప్ప రేవు. ఈనాడు చిన్న గ్రామం. ఆ తీరాన కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయశాసనం అక్కడి వీరభద్రాలయంలో ఉన్నది. గాలివానకు చిక్కి తమ తీరానికి కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును పూర్వపు రాజులు బలవంతంగా లాగుకొనేవారట. గణపతిదేవుడు ఆ అలవాటును మానిపించి, ప్రాణాలను తెగించి సముద్రం మీద వచ్చే వర్తకులకు అభయమిచ్చినాడు. నిర్ణీతమైన సుంకం మాత్రమే తీసుకొనబడుతుంది. అది ముప్పదింట ఒక వంతు. సుంకం వలన బొక్కసానికి లాభం కలదన్నది నిజమే. అయినను ఓడ పగిలినవాని దుఃఖాన్ని ఆదాయంగా లెక్కించరాదన్న ధర్మం అందులో స్పష్టంగా పలికినది. తరువాత ఈ తీరాన్ని ప్రస్తావించిన మార్కోపోలో ఇక్కడి వస్త్రాల నాజూకును మెచ్చుకొనినాడు.

1323లో ఓడ పగిలినవారు కాకతీయులే. పరదేశపు నావికులకు అభయమిచ్చిన వంశం పేరిట వచ్చినవారు అడవిలో ఆశ్రయం పొందినారు, పొంది, ఏలినారు. ఆశ్రయమిచ్చిన ప్రజలకు మాత్రం అదే అభయం నిలువలేదు. ఆంగ్లేయుల ఏలుబడిలో అడవులను ప్రత్యేకించి ప్రవేశాన్ని నిషేధించడం, వెట్టిచాకిరి మొదలైన కారణాల వలన 1910లో బస్తరు ప్రజలు తిరుగబడినారు. దానినే భూమ్‌కాల్ అంటారు. గుండాధూర్ అందులో నాయకుడుగా ప్రసిద్ధుడు. ఆ తిరుగుబాటును సైన్యం అణచివేసినది.

మోటుపల్లి నుండి దంతెవాడకు తిరిగి పోయే రెండవ దారి భద్రాచలం, చింతూరు, కుంట మీదుగా సాగుతుంది. ఈ దారిలో మరొక చరిత్ర ఎదురవుతుంది. 2005లో సల్వాజుడుం పేరిట ఆరంభమైన సాయుధ సంఘర్షణలో, ఆనాటి దంతెవాడ జిల్లా నుండి వేలాది కోయ కుటుంబాలు సరిహద్దు దాటి ఖమ్మం, వరంగల్లు జిల్లాల అడవులకు వలసపోయినవి. ఆదివాసి యువకులను ప్రత్యేక పోలీసులుగా నియమించి ఆయుధాలిచ్చే పద్ధతిని సుప్రీంకోర్టు 2011లో రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పినది. కాని వెళ్లినవారిలో పలువురు తిరిగి రాలేదు. అడవి భూములలో వారు వేసుకొనిన గుడిసెలకు హక్కుపత్రాలు దొరకడం దుర్లభమైనది. ఓరుగల్లు నుండి బస్తరుకు వచ్చిన దారినే, దాదాపు 700 ఏండ్ల తరువాత, బస్తరు ప్రజలు ఓరుగల్లు వైపు నడిచినారు.

ఈ దారిలో బండి నిలిపి నిదురించేవాడు విహారి. ఇష్టమైనప్పుడు మేలుకొని, ఇష్టమైన దిక్కుకు పోగలడు. అదే చీకటిలో, అదే అడవిలో గుడిసె వేసుకొనినవానికి ఆ స్వేచ్ఛ లేదు. ఇద్దరి నడుమ ఉన్న భేదం తలపై కప్పులో లేదు. లెమ్మనే గొంతు వినబడుతుందన్న భయం ఒకనికి లేకపోవడంలో, మరొకనికి ఉండడంలో ఉన్నది. అభయమన్న మాటకు అర్థం అదే.

ఏటా ఫాల్గుణంలో దంతెవాడలో మడయి ఉత్సవం జరుగుతుంది. ఎన్నో గ్రామాల దేవతలను మోసుకొనివచ్చి దంతేశ్వరి సన్నిధిలో నిలుపుతారు. దూరం నుండి వచ్చిన ప్రతి దేవతకూ ఆ ఊరిలో ఒక చోటు ఉన్నది, ఒక మర్యాద ఉన్నది. అతిథికి తావు ఎట్లా ఇవ్వవలెనో ఈ అడవికి బాగుగా తెలుసు. ఓడ పగిలి వచ్చినవానిని దోచుకొనబోమని మోటుపల్లి రాయి 1244లో మాట ఇచ్చినది. ఓరుగల్లు వంశానికి అడవిలో చోటు దొరికినదని దంతెవాడ రాయి 1703లో చెప్పినది. ఊరు విడిచి గోదావరి దాటినవారి కొరకు అటువంటి మాట ఇంకను ఏ రాతి మీదా వ్రాయబడలేదు.