పాలసీసాతో పాలు పట్టడంలో జాగ్రత్తలు: శుభ్రత, కొలత, ఓపిక

శిశువుకు మొదటి 6 నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలని, ఆ తరువాత ఇతర ఆహారంతోపాటు రెండేళ్ల వరకు, ఆపైన కూడా తల్లిపాలు కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తోంది. భారతదేశంలో శిశువుల పాలపొడి, పాలసీసాల వాణిజ్య ప్రకటనలను 1992 నాటి చట్టం నిషేధించింది. 2003లో దానిని సవరించి మరింత కట్టుదిట్టం చేశారు. అయినా తల్లి తీవ్ర అనారోగ్యం, కొన్ని రకాల మందుల వాడకం, దత్తత వంటి పరిస్థితుల్లో డబ్బాపాలు అవసరం కావచ్చు. వైద్యుల సలహాతోనే వాటిని ప్రారంభించాలి.

శుభ్రత

సీసా మెడ, పాలపీక మడతలలో మిగిలిన పాలలో సూక్ష్మజీవులు వేగంగా పెరిగి విరేచనాలకు దారితీస్తాయి. ప్రతిసారీ చేతులను సబ్బుతో కడుక్కోవాలి. సీసా భాగాలను విడదీసి, సబ్బునీటిలో బ్రష్‌తో రుద్ది కడిగి, పూర్తిగా మునిగేలా నీటిలో ఉంచి 10 నిమిషాలు మరిగించాలి. సీసాను ఇలా శుభ్రపరచడం కష్టమైన చోట గిన్నె, చెంచా లేదా ఉగ్గుగిన్నె మేలు. వాటిని కడగడం సులభం.

కలిపే విధానం

పాలపొడి పూర్తిగా సూక్ష్మజీవిరహితం కాదు. అందువల్ల నీటిని బాగా మరిగించి, 70 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లారకముందే, అంటే దించిన అరగంటలోపే పొడి కలపాలి. ముందు నీరు కొలిచి పోసి, ఆ తరువాత డబ్బాపై సూచించినన్ని చెంచాల పొడిని, డబ్బాలోని చెంచాతోనే, తలకొట్టి వేయాలి.

పొడి ఎక్కువ రోజులు రావాలని నీరు ఎక్కువ కలిపితే శిశువుకు పోషకాలు అందవు. రక్తంలో సోడియం తగ్గి మూర్ఛ వచ్చే ప్రమాదమూ ఉంది. పొడి ఎక్కువైతే మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం వంటి ఇబ్బందులు కలుగుతాయి.

కలిపిన సీసాను చల్లని నీటిలో ఉంచి చల్లార్చి, మణికట్టు లోపలివైపు ఒక చుక్క వేసి చూడాలి. గోరువెచ్చగా ఉంటేనే పట్టాలి. మైక్రోవేవ్‌లో వేడి చేస్తే పాలు అక్కడక్కడ అతిగా వేడెక్కి నోరు కాలవచ్చు. కలిపిన 2 గంటలలోపు తాగని పాలను, తాగగా మిగిలిన పాలను పారబోయాలి.

పట్టే విధానం

శిశువును పడుకోబెట్టి కాక, తల కాస్త ఎత్తుగా ఉండేలా ఒడిలో కూర్చోబెట్టుకుని పట్టాలి. సీసాను దాదాపు అడ్డంగా, పాలపీక పాలతో నిండేంత వరకు మాత్రమే వంచి పట్టుకుంటే పాలు నెమ్మదిగా వస్తాయి. మధ్యమధ్యలో ఆపుతూ శిశువుకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వాలి. సీసాను దిండుకు ఆనించి శిశువును ఒంటరిగా వదిలితే పొలమారి ప్రాణాపాయం ఏర్పడవచ్చు.

ముఖం పక్కకు తిప్పుకోవడం, చప్పరించడం మానడం కడుపు నిండిన గుర్తులు. సీసా ఖాళీ అయ్యే వరకు బలవంతం చేయరాదు. పాలు పట్టాక భుజంపై వేసుకుని వీపు నిమురుతూ త్రేనుపు వచ్చేలా చూడాలి.

మూత్రం తగ్గడం, పదేపదే వాంతులు, విరేచనాలు, మగతగా ఉండి పాలు తాగకపోవడం వంటి లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.